చౌడు నేల సామి

లారీ డ్రైవరు బస్సు దిగేసరికి తెల్లవారింది గానీ మంచు విడలేదు.

తన పొలం తనే గుర్తుపట్టలేకపోయాడు.

మూడేళ్ల కిందట ఉప్పు తేలి, గడ్డిపోచ కూడా మొలవని చౌడు అది. దున్నుకుంటానని ఎవరో సన్యాసి అడిగితే నవ్వుకుని సరేనన్నాడు. ఇప్పుడక్కడ మోకాలెత్తు వరి, మంచులో తేలుతోంది.

గట్టు మీద ఒక ముసలాయన బోర్లా పడుకుని, నేలకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కావి పంచె, పాలిపోయిన తెల్లటి ఒళ్లు. ఏ దేశంలోనో పుట్టి, ఇక్కడికొచ్చి సన్యాసం పుచ్చుకున్నాడట. అందరికీ తెల్లసామి.

"సామీ, లే!"

"మెల్లగా అన్నా. అమ్మ నీళ్లు తాగుతోంది. విను."

"అమ్మా లేదు, అయ్యా లేదు. ఇది నా పొలం."

"నీదే."

"లారీ పని మానేశాను. ఇక నేనే చేసుకుంటా. ఈ పూటే ఖాళీ చెయ్యి."

గొడవకు అన్నివిధాలా సిద్ధపడి వచ్చాడు డ్రైవరు. సామి లేచి పార భుజాన వేసుకున్నాడు. అంతే.

"నాట్లకు ముందు జీలుగ చల్లు. పూతకు రాగానే కలియదున్ను, అదే ఎరువు. చుట్టూ ఉన్న కాలవ పూడనివ్వకు, ఉప్పు అందులోంచే పోవాలి."

"నాకు నేర్పకు సామీ. మట్టిలో పుట్టినవాణ్ణి."

సామి నవ్వాడు. నాలుగడుగులు వేసేసరికి ఏది మంచో, ఏది ఆయనో తెలియలేదు.

ఆ ఏడు పంట ఇంటికొచ్చింది. డ్రైవరు కాలర్ ఎగరేశాడు.

"ఎదిగిన పైరును ఎవడైనా మట్టిలో తొక్కుతాడా?" అని భార్య దగ్గర నవ్వాడు. జీలుగ చల్లలేదు. కాలవ పూడ్చి మరో రెండు వరసలు నాటాడు.

మరుసటేడు పొలంలో ఒక మూల ఉప్పు తేలి తెల్లబడింది. ఆపై ఇంకో మూల.

"లారీ పాయె. ఇదీ పోతే పిల్లలకు ఏం పెడతారు?" అంది భార్య. "మీసం తర్వాత తిప్పుకోవచ్చు. వెళ్లి ఆయన కాళ్ల మీద పడండి."

సామి ఎక్కడున్నాడో వాకబు చేసి, రెండు బస్సులు మారి వెళ్లాడు.

కనుచూపు మేర తెల్లటి నేల. ఎండకు నీళ్లలా మెరుస్తోంది. మధ్యలో పదిమంది దాకా రైతులు గొయ్యి తవ్వుతున్నారు. గడ్డపలుగు దిగడం లేదు, ఖంగుమంటోంది.

పక్కనే ఒక దేహం మీద కావి గుడ్డ కప్పి ఉంది.

"ఎప్పుడు?" అడిగాడు డ్రైవరు.

"పొద్దున్నే. మడికి గట్టు వేస్తూ కూర్చుండిపోయాడు."

డ్రైవరు అక్కడే చతికిలబడ్డాడు. ఇక తన పొలం సంగతి ఎవరిని అడగాలి?

"మీరంతా శిష్యులా అన్నా?"

గడ్డపలుగు పట్టిన పెద్దాయన చెమట తుడుచుకున్నాడు. తల ఎత్తలేదు.

"శిష్యులెక్కడ తమ్ముడూ! ఇక్కడున్న ఒక్కొక్కడిదీ ఒకప్పుడు చౌడు పొలమే. పచ్చబడగానే సామిని పొమ్మన్నవాళ్లం."