వంటింట్లో ఏడో రౌండు

ఉద్యోగమిచ్చే ముందు కంపెనీలు ఇప్పుడు అందరి ఇళ్లకూ ఇంటర్వ్యూ పెట్టెను పంపుతున్నాయి. మా వంటింటి గట్టు మీదకు అది వచ్చి వారమైంది. నేను తుమ్మినా నా కూతురు సుచరితకు మార్కులు పోతాయేమోనని నా భయం.

తను ఇరవై ఏళ్లు ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసింది. ఆ కంపెనీ మూతపడింది, ఈ ఉద్యోగం రాకపోతే కష్టం. ఈ పెట్టె మాత్రం ఆరు రౌండ్లూ కాలేజీ పిల్లను అడిగినట్టు అంకెల్ని వరసగా పేర్చమంటూనే ఉంది.

ఇవాళ ఏడో రౌండులో సుచరితే అడిగింది. "నాకిచ్చే పనేంటండీ?"

"ఎంపికయ్యాక చెబుతాం. ప్రశ్న వేసినందుకు రెండు మార్కులు తగ్గించాం."

"పోనీ, ఒక్క మనిషితో మాట్లాడించండి."

"మనుషులకు తీరిక లేదు. అంకెలు పేర్చండి."

సుచరిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను మసిగుడ్డతో పెట్టెను పట్టుకుని, చచ్చిన ఎలుకను పారేసినట్టు గుమ్మం బయట పెట్టేశాను.

"అయ్యో అమ్మా, ఉద్యోగం పోయినట్టే!"

"పోతే పోనీవే. ఇప్పుడే ఇలా ఏడిపించేవాళ్లు రేపు నిన్ను బతకనిస్తారా?"

బయటి నుంచి పెట్టె మాట వినిపించింది. "అభినందనలు! మీరు ఎనిమిదో రౌండుకు ఎంపికయ్యారు."

సుచరితే లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది.