ఆగిన బండి

తాళం తిప్పగానే పొగ గుప్పుమంది. మెకానిక్ గబగబా ఇంజను ఆపేసి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు.

"ఇదేంటి పిన్నీ, గొంతుదాకా ఉంది! ఎవరు పోశారిందులో?"

"నేనే. రోజూ పొద్దున్నే ఓ చిన్న గ్లాసుడు పోస్తున్నాను."

"రోజూనా? మరి పొగ రాక పన్నీరొస్తుందా!"

"నువ్వే అన్నావుగా, ఇది ఆయిల్ తాగే బండి అని."

"అన్నాను. లక్షల కిలోమీటర్లు తిరిగింది, లోపల రింగులు అరిగాయి, తాగుతుంది. కానీ తిరిగితేనే కదా తాగేది? ఆగిన బండి చుక్క కూడా తాగదు."

నాకా సంగతి తెలియదు. మావాడు టాక్సీ తీసే ముందు రోజూ ఆయిల్ పోస్తూ, "పొయ్యకపోతే ఇది చచ్చిపోతుందమ్మా" అనేవాడు. వాడు జ్వరంతో పోయాక బండి వాకిట్లోనే ఆగిపోయింది. ఇదైనా బతకాలని పోస్తూ వచ్చాను.

మెకానిక్ కిందికి దూరి, ఎక్కువైన ఆయిల్‌ని బేసిన్లోకి వదిలాడు. అది అలా కారిపోతుంటే చూడలేక, గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాను.

"మరి రేపు పొద్దున్న లేచి నేనేం చెయ్యాలి నాయనా?"

అతను చేతులు తుడుచుకుంటూ బండి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు నేనొస్తాను పిన్నీ. కాస్త తిప్పి తీసుకొస్తాను. అప్పుడు ఆయిల్ పొయ్యి."

"రింగులు మారిస్తే తాగడం మానేస్తుందని అప్పట్లో మావాడితో అన్నావుగా?"

"మార్చనులే. తాగనీ."