మూడో రోజు కోడి

కోడి కాళ్ళు ఒక చేత్తో, కత్తి ఇంకో చేత్తో పట్టుకుని ఫిలొమేనా వాకిట్లో నిలబడిపోయింది. హోండురాస్ కొండల్లో ఆ ఇంటికి మిగిలిన గుడ్ల కోడి అదొక్కటే. మనవరాళ్ళ నోట్లోకి పోయే గుడ్లన్నీ దానివే. తక్కిన కోళ్ళు రెండు రోజులుగా బోధకుడు ఎలియూద్ కడుపులో ప్రభువును స్తుతిస్తున్నాయి.

ఇవాళ పులుసు కాస్త చిక్కగా ఉండాలని ఆయన ఉయ్యాలలోంచే సెలవిచ్చాడు.

పట్నం నుంచి పాఠాలు చెప్పడానికి వచ్చి ఆ ఇంట్లోనే తింటున్న ఉపదేశి డెల్ఫీనోకు ఒళ్ళు మండింది. ఈ మనిషి దిగినప్పటి నుంచి తొడముక్క అటు పోతోంది, తనకు మెడ మిగులుతోంది. ఇక ఊరుకోలేక, మొన్న ప్రార్థనలో చదివిన తొలి క్రైస్తవ సంఘాలవాళ్ళ బోధ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ రోజుల్లో బోధకులు ఊరూరా తిరిగేవాళ్ళు. సంఘాలేమో మనలాగే పేదవి. వాక్యాన్ని అమ్ముకు తినేవాళ్ళూ పుట్టుకొచ్చారు. అందుకే పెద్దలు కట్టడి చేశారు: వచ్చినవాణ్ణి ప్రభువులా చేర్చుకో, రెండు రోజులు పెట్టు. మూడో రోజూ ఉంటానంటే పని చేసుకు తినాలి. చెయ్యనంటే దొంగ బోధకుడే.

"అదెప్పటి ముచ్చటో," అన్నాడు ఎలియూద్ ఆవలిస్తూ.

"ఈ వాకిట్లో ముచ్చటే. చదివి మడిచిపెట్టడానికా అయ్యా బోధ? ఫిలొమేనమ్మా, ఎవరికీ మొహమాటపడకు."

ఆ కొండల్లో అతిథిని పొమ్మనడమంటే కన్నతల్లిని గెంటినంత పాపం. ఫిలొమేనా కోడి వంక చూసింది, మనవరాళ్ళ వంక చూసింది. పెదవి బిగించి కోడిని వదిలేసింది. చూరులోంచి పార లాగి తెచ్చి ఉయ్యాల పక్కన ఆనించింది.

"చిక్కుడు చేలో కలుపు పెరిగింది, బోధకుడుగారూ. పొద్దు వాలేసరికి రొట్టెలు వేడిగా ఉంటాయి."

పక్క ఊళ్ళో ఏదో ఆత్మ నశించిపోతోందని ఎలియూద్‌కు అప్పుడే గుర్తొచ్చింది. ఆయన కొండమలుపు తిరిగిన విసురుకు రెండు కంచరగాడిదలు దారి తప్పి ఇప్పటికీ ఇల్లు చేరలేదంటారు.

డెల్ఫీనో ఖాళీ అయిన ఉయ్యాలలో హాయిగా వాలాడు. "చూశావా ఫిలొమేనమ్మా, బోధను బతుకులో పెట్టడమంటే అదీ."

"నిజమే ఉపదేశిగారూ," అందామె, పారను ఆయన చేతికి అందేలా జరుపుతూ. "తమరొచ్చింది పోయిన ఈస్టరుకి కదూ?"