పట్టుపురుగుల మేత

ఉడికిన పట్టుకాయల నుంచి దారం తీసినంక మిగిలిన పురుగులను శంకరవ్వ దంచి తవుడులో కలుపుతున్నది. సంతలో కోతకు అమ్మే కోళ్ళు ఆమె చుట్టూ మూగినయి.

కొత్తకోడలు బాలలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది.

“అత్తమ్మా, గీ పురుగులు తిన్న కోడిని నేను ముట్ట. ఇంట్ల వండిననాడు పస్తుంట.”

“మేతకేసే పల్లిచెక్క పిరమైంది బిడ్డా. గివి తింటెనే కోళ్ళకు కండ పడ్తది.”

“కోళ్ళు తింటయి. మనుషులు తింటరా?”

“నీ మొగడు తిన్నడు.”

బాలలక్ష్మి కొంగు జారింది.

శంకరవ్వ చెయ్యి ఆపలేదు. “రజాకార్ల యేడు ఇంట్ల గింజ లేకుండె. నాకు పాలు ఎండిపోయినయి. సిద్దిరాములుకు ఇంకా నడక రాలే. గీటినే మెత్తగ నూరి నోట్లె పెట్టిన. బతికిండు.”

లోపల సిద్దిరాములు మగ్గం మీద నుంచి లేచి, కడవెడు నీళ్ళు ఒంటిచేత్తో ఎత్తి గోళెంలో పోస్తున్నడు. బాలలక్ష్మి అతని భుజాల దిక్కు చాలాసేపు చూసింది.

“ఎట్లుంటయి అత్తమ్మా?”

“ఉప్పేస్తె మంచిగుంటయి.”

బాలలక్ష్మి లోపలికి పోయి ఉప్పు తెచ్చింది. దంచని పురుగొకటి ఏరి, ఉప్పద్ది, కళ్ళు మూసుకోకుండనే నోట్లె వేసుకున్నది.