కప్పనోటి పిట్టకు కవల

"ఇరవై ఏళ్ల కాపురంలో నా మొహంలోకి ఒక్కసారైనా అలా చూశావటే?" అని అడిగాడు వడ్రంగి.

అతని భార్య పంజరం ముందు చతికిలబడి, కప్పనోటి పిట్ట వంక చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ జంతు ప్రదర్శనశాలలో రాత్రిపూట మేలుకునే పక్షులన్నిటికీ మేత పెట్టేది ఆమే. వాటి గూళ్లు, కొమ్మలు, తలుపులు బాగుచేసేది అతను. పిట్ట మేత ముట్టి నాలుగు రోజులైంది.

నిజానికి అదేమంత అందగత్తె కాదు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నోరు. ముక్కు మీద చీపురుపుల్లల్లాంటి మీసాలు. ఎండుకొమ్మ మీద మరో ఎండుకొమ్మలా పగలంతా కూర్చుని, లోకమంతా కలిసి తనకేదో అన్యాయం చేసినట్టు అరమోడ్పు కళ్లతో చూస్తుంది. పక్క గదుల్లో పళ్లెంలాంటి మొహమున్న గుడ్లగూబలు, గోళీల్లాంటి కళ్లున్న పిట్టలు బోలెడున్నా జనం ఎగబడేది దీని దగ్గరే.

"అచ్చం మా బాబాయే! అన్నం ఆలస్యమైతే ఇలాగే కూర్చుంటాడు."

"బాబాయేమిటి, మా అత్తగారండీ బాబూ!"

ఆ జనం వల్లే పక్షుల ఇల్లు ఇంకా నిలబడి ఉంది. దాన్ని పడగొట్టి స్కూటర్లు పెట్టుకునే చోటుగా మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి పెద్ద అధికారి ఎల్లుండి వస్తున్నాడు. పిట్ట సరిగ్గా ఇప్పుడే మంచం పట్టింది.

డాక్టరు వచ్చి చూశాడు. ఏనుగులకు వైద్యం చేసి తలపండిన మనిషి. పిట్టలు ఆయనకు కొత్త.

"వారం రోజులు నా గదిలో ఉంచాలి. లోపలికి ఎవరూ రాకూడదు. ముఖ్యంగా నువ్వు రాకూడదమ్మా. నువ్వేడిస్తే నాకు చెయ్యి వణుకుతుంది," అన్నాడు.

మేనేజరమ్మ తల పట్టుకుంది. కాసేపటికి ఆ తల ఎత్తి వడ్రంగి వంక చూసింది.

"మేస్త్రీ, పగలు అదెలాగూ కదలదు గదా. చెక్కతో ఒకటి చేసి కూర్చోబెడితే?"

అంత ఏడుపులోనూ భార్యకు నవ్వొచ్చింది.

"ఈయనా? ఈయన చేసిన కుర్చీలోంచి మా అమ్మ ఇప్పటికి రెండుసార్లు కింద పడిందండీ!"

వడ్రంగికి పౌరుషం పొడుచుకొచ్చింది. డాక్టరును ఒక్కరోజు గడువడిగి పిట్టను తన షెడ్డుకు తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. తేలికపాటి చెక్క తీసుకుని, ఎదురుగా దాన్ని చూస్తూ చెక్కడం మొదలుపెట్టాడు. లోపల డొల్ల చేశాడు. గాజు కళ్లు పెట్టి, రంగు వేశాడు. ఏళ్లుగా రాలిన ఈకల్ని భార్య ఓ డబ్బాలో దాచుకుంది. పైన అతికించడానికి అవి అడిగితే ఇవ్వనంది. "పక్షుల ఇల్లే పోతే ఆ డబ్బా ఏం చేసుకుంటావు?" అన్నాక విసురుగా చేతిలో పెట్టి, "ఆ చెక్కముక్క మొహం మాత్రం నేను చూడను," అని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రానికి పని పూర్తయింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అతనికే ఒళ్లు పులకరించింది. చేతుల రంగు కడుక్కుని వచ్చేసరికి డాక్టరు వచ్చి రోగిని బుట్టలో తీసుకుపోయాడట. మిగిలినదాన్ని మేనేజరమ్మ తువ్వాలులో చుట్టేసింది.

"ఎంత తేలిగ్గా చేశావయ్యా!" అంది.

తీసుకెళ్లి కొమ్మ మీద పెడితే చక్కగా కుదురుకుంది. జేబులో తెచ్చుకున్న మేకులతో పనే పడలేదు. వడ్రంగి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అనుమానం రాకుండా పళ్లెంలో పురుగులు కూడా పోశారు. తెల్లారేసరికి పళ్లెం ఖాళీ. "ఎలుకలు!" అని తిట్టుకుంటూ మళ్లీ నింపాడు వడ్రంగి.

పెద్ద అధికారి వచ్చాడు. అన్ని గదులూ నిప్పుల మీద నడిచినట్టు చకచకా దాటేసి, కప్పనోటి పిట్ట దగ్గర ఆగాడు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"ఇది..." అన్నాడు అధికారి.

మేనేజరమ్మ కళ్లు మూసుకుంది.

"ఇది అచ్చం మా వియ్యంకుడండీ! పెళ్లిలో మర్యాద తక్కువైందని మూడు రోజులు ఇలాగే కూర్చున్నాడు. చూడండి, నేనెటు కదిలితే అటే చూస్తోంది!"

'గాజు కళ్లంటే మాటలా!' అనుకున్నాడు వడ్రంగి.

అధికారి దానితో నాలుగు ఫోటోలు దిగాడు. పక్షుల ఇంటి జోలికి ఎవరూ రాకూడదని అక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

ఆ వార్త విన్నాక కూడా భార్య రెండు రోజులు బెట్టుచేసింది. మూడో రోజు ఆపుకోలేక వచ్చింది. పంజరం ముందు నిలబడింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది.

"కంటి కింద ఆ ముడత కూడా పెట్టావే! నా పిచ్చితల్లే కూర్చున్నట్టుంది. నీ చేతిలో ఇంత పనితనం ఉందని తెలియక ఇన్నేళ్లూ నిన్ను చులకన చేశానయ్యా," అని, ఇరవై ఏళ్లలో మొదటిసారి మొగుడి మొహంలోకి అలా చూసింది.

వడ్రంగి సిగ్గుతో మెలికలు తిరుగుతుండగానే డాక్టరు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, "ఈ వైద్యం నా వల్ల కాదమ్మా, మూడు రోజుల్లో ఆరు సూదులు విరిగాయి, ఇవాళ తడిగుడ్డతో తుడిస్తే నీ పిట్టకు రంగు దిగుతోంది!" అన్నాడు.