వెలుగు దూడ

సముద్రం అవతలికి పాలు పంపే ప్రతి పాకకీ ఆ కాలంలో ఒక నంబరుండేది. నంబరున్న పాకలోకి దూడ రాకూడదు. తల్లీబిడ్డా కలిస్తే రోగాలొస్తాయట! దూడ లేందే గేదె పాలు చేపదు కదా, అందుకని పాలు కొనే కంపెనీవాళ్లు వెలుగుతో ఒక దూడని చేసి పంపేవాళ్లు. అది నురుగులా తేలుతూ వచ్చి పొదుగు దగ్గర నిలబడేది. గేదె అరమోడ్పు కళ్లతో దాన్ని నాకి చేపేది. పాలు గొట్టాల్లో పాడుకుంటూ రేవుకి పోయేవి. ఊళ్లో పిల్లలకి మాత్రం పొడిపాలే.

ఆ తెల్లవారుజామున ఆదెమ్మ గేదె వెలుగుని నాకీ నాకీ, నాలుకకేమీ తగలక, పెరట్లో కట్టేసిన సొంత దూడకేసి తిరిగి అరిచింది.

"తల్లినే మోసం చేస్తారంట్రా!" అంటూ ఆదెమ్మ దూడ పలుపు విప్పింది.

"వదినా, నంబరు పోద్ది! రేపట్నించి నీ పాలు ఎవడు పోయించుకుంటాడు?" గోడవతల నుంచి ఆడపడుచు నాంచారమ్మ కేకేసింది.

దూడొచ్చి పొదుగు కుమ్మింది. వెలుగు దూడ మంచులా కరిగిపోయింది. పాక మీద నంబరుకి గుర్తుగా వెలిగే పచ్చదీపం ఆరింది, గొట్టం మూసుకుంది. దూడ కడుపు నిండాక పిండితే బిందె పొంగింది.

"పోయిందా నంబరు?"

"పోయిందే. నువ్వు చెంబట్టుకు రా. పిల్లల్నీ లేపుకు రా, పాలెట్టా ఉంటాయో చూస్తారు."