గురువుగారి కడ్డీ

రుచిత పల్లవి ఎత్తుకుందో లేదో, గిటార్ కిర్రుమని అరిచింది.

"మళ్ళానా మామా!" అంటూ ఆమె పాట ఆపేసింది.

కనకయ్య విననట్టే, ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్న స్టీల్ గిటార్ తీగల మీద కడ్డీని ఇంకోసారి జరిపాడు. ఇంకోసారి కిర్రుమంది. చూపుడువేలంత పొడవున్న ఆ ఉక్కు కడ్డీకి అడుగువైపు క్రోమ్ పూత పెచ్చులు లేచిపోయింది. లేచిన అంచు తీగకు తట్టుకున్నప్పుడల్లా పాట మధ్యలో ఎవరో పిల్లిని తొక్కినట్టుంది.

"సాయంత్రమే ప్రోగ్రాం. మార్కండేయ జయంతికి సూరత్‌ల ఉన్న మనోళ్లంత వస్తరు. కోడలై వచ్చినంక నేను పాడుడు ఇదే పహలీ బార్. గీ కిర్రుకిర్రుతోని పాడితే అందరు నవ్వుతరు మామా."

"నవ్వనీ. నవ్వితే పానం మంచిగుంటది."

"సచిన్ ఏరియాల ప్లేటింగ్ కార్ఖానా ఉంది. మా చిరంజీవి అన్న అక్కడనే పని చేస్తడు. ఇప్పుడిస్తే చార్ బజే వరకు చేసిస్త అన్నడు."

కనకయ్య కడ్డీని గుప్పిట్లో దాచేసుకున్నాడు. "దీన్ని తేజాబు యాసిడ్‌ల ముంచుతవా? ఇది మా గురువుగారి కడ్డీ బిడ్డా. దీని మీద ఇంకొకల చెయ్యి పడనియ్య."

"అట్లయితే కొత్తది చేపిద్దాం. మన లూమ్ రాడ్డు ముక్క ఉంటే..."

"లూమ్ రాడ్డుతోని వాయిస్తే చీరె వస్తది గని పాట రాదు!"

వంటింటి వైపు ఓ చూపు విసిరి, తన మాటకు తనే పకపకా నవ్వుకున్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. కనకయ్య కడ్డీని కళ్లకద్దుకుని పెట్టెలో పెట్టి, కండువా భుజాన వేసుకుని మార్కండేయుడి పల్లకి ఊరేగింపుకు వెళ్లిపోయాడు.

రుచిత ముక్కు ఎగబీలుస్తూ వంటింట్లోకి వచ్చింది. అత్తగారు ఊర్మిళ పచ్చి కందికాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"తీస్కపో."

"ఏంది అత్తమ్మా?"

"ఆ కడ్డీ. పల్లకి తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతది. బండి మీద పోయి రా."

"అమ్మో! గురువుగారిది. మామకు తెలిస్తే..."

ఊర్మిళ ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "గురువుగారిది ఎప్పుడో తాపీ నదిల కలిసింది. వరద వచ్చినప్పుడు ఇల్లంత బురద. ఎత్తిపోసిన బురదల అది గూడ పోయిందని నాకు తర్వాత తెలిసింది. మీ మామ ఆ టైముల కార్ఖానాల లూములు కడుగుతుండె. తెలిస్తే మల్ల గిటార్ ముట్టడని భయమైంది. మన లూమ్ రాడ్డే ఆగయ్య దగ్గర లేత్ మిషన్ మీద కోపిచ్చి, నున్నగ చేపిచ్చి, క్రోమ్ ఏపిచ్చి పెట్టెల పెట్టిన."

రుచిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముక్కు ఎగబీల్చడం పోయి నవ్వు తన్నుకొచ్చింది. "రోజు కండ్లకద్దుకునేది లూమ్ రాడ్డా!"

"మెల్లగ అను."

"మామ లూమ్ మిస్త్రీ గదా అత్తమ్మా. ఇన్నేండ్లు కనిపెట్టలేదా?"

"లూమ్‌ల ఉంటే రాడ్డు. పెట్టెల ఉంటే దేవుడు," అంది ఊర్మిళ. "మగోళ్లు బిడ్డా. పప్పుల ఉప్పు లేకున్నా రెండో ముద్దకు గని తెల్వది. పో, జల్ది పో."

సాయంత్రం సమాజం హాలు కిటకిటలాడింది. వేదిక మీద కనకయ్య పెట్టె మూత తెరిచాడు. లోపల కడ్డీ, దీపాలన్నీ తనలోనే ఉన్నట్టు మెరిసింది.

ఆయన దాన్ని చూశాడు. పక్కన నిలబడ్డ కోడలిని చూశాడు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న భార్యను చూశాడు. ఊర్మిళకు సరిగ్గా అప్పుడే చీర కుచ్చిళ్లు సర్దుకోవాల్సిన అవసరం వచ్చింది.

కనకయ్య కడ్డీని తీగ మీద ఆనించి మెల్లగా జరిపాడు.

కిర్రుమనలేదు. స్వరం ఎక్కడా గీసుకోకుండా, కొత్త పట్టుచీర కొంగులా జారిపోయింది. ఆ ధైర్యంతో రుచిత గొంతు విప్పింది. చరణానికల్లా వెనక వరసలో పిల్లల గోల ఆగింది. పాట అయిపోయాక చప్పట్లు ఆగలేదు. "ఔర్ ఏక్ బార్!" అని కుర్రాళ్లు, "మల్లొక్కసారి పాడు బిడ్డా!" అని పెద్దవాళ్లు అరిచారు. రుచిత అదే పాట మళ్లీ పాడింది. ఈసారి సగం హాలు తనతో పాడింది.

వేదిక దిగగానే ఆమె మామగారి ముందు తల వంచుకుంది.

"మామా, మాఫ్ చెయ్యి. నిన్ను అడగకుండ గురువుగారి కడ్డీకి పూత ఏపిచ్చిన."

కనకయ్య కండువాతో కడ్డీని తుడుచుకుంటూ నవ్వాడు. "గురువుగారిదా? బతుకంత లూములు విప్పి బిగిచ్చినోన్ని. మా లూమ్ రాడ్డు నాకు తెల్వదా బిడ్డా?"

ప్రసాదం పళ్లెంతో వస్తున్న ఊర్మిళ అక్కడే నిలబడిపోయింది.

"తెలుసా నీకు!" అంది. ముఖం ఎర్రబడింది. "మరి ఇన్నేండ్లు ఆ నాటకమేంది? పొద్దుగాల ఆ పిల్ల అంత బతిమాలితే పూత ఎందుకు ఏపియ్యనియ్యలేదు?"

"నువ్వు చేపిచ్చినవ్ గదనే," అన్నాడు కనకయ్య, పళ్లెంలోంచి కొబ్బరిముక్క అందుకుంటూ. "గురువుగారిదే అయితే ఎప్పుడో ఏపిచ్చేటోన్ని!"